వెనక చక్రాలు ఎగిరినయి

సిరిసిల్ల,
19 జనవరి 2025

పెద్దబాపుకు,

నేను రాధికను. నీ తమ్ముడు మహిపాల్ బిడ్డను. నీకు గొంతు ఆపరేషన్ అయి మాట పోయిందని మొన్న సారంగాపూర్ పెండ్లిలో తెలిసింది. ఫోన్ చేసి లాభం లేదని కాగితం పట్టుకున్నాను. మన రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగి చాలా ఏండ్లయింది. అయినా ఈ పనికి నువ్వు తప్ప నాకు వేరే దిక్కు లేదు.

నేనిక్కడ బట్టల కంపెనీలో కుట్టు మిషన్ల మెయింటెనెన్స్ చూస్తున్నాను. మెకానికల్ డిప్లొమా చేశాను. విషయానికి వస్తాను. జగిత్యాల డాక్టరు సారు తాబేలు కారు, ఆ బీటిల్, నీకు గుర్తుండే ఉంటుంది. డిక్కీ ఉండాల్సిన చోట ఇంజిన్ ఉండే కారు. దానికి పెద్ద ఇంజిన్, వెడల్పు టైర్లు ఎక్కించింది నువ్వే. సారు డ్రైవరుగా దాన్ని ఆరేండ్లు నడిపింది బాపు. బోల్తా పడ్డ నాటి నుంచి సారు ఇంటి వెనక రేకుల కింద పడి ఉంది. డిసెంబరులో పోయి అడిగాను. సారు బాగా ముసలివాడయ్యాడు. "తీస్కపో బిడ్డా, నాకెందుకది" అన్నాడు, అంతే. ట్రాలీ మీద తెచ్చి రంజిత్ అన్న షెడ్డులో పెట్టాను. రంజిత్ అన్న ఇక్కడ మరమగ్గాలు బాగుచేస్తాడు. బాపుకు ఇంకా చెప్పలేదు.

ఇంజిన్ నడుస్తోంది, బ్రేకులు పడుతున్నాయి. కానీ మొదటి గేరులో గట్టిగా తొక్కితే వెనక చక్రాలు నేలను వదిలి టపటపా ఎగురుతాయి. కారు ముందుకు పోవడం మాని ఉన్నచోటే దుంకుతుంది. ఎత్తు మీదికి పోయే ఎక్కుడు రోడ్డులో ఇంకా ఎక్కువ. మలుపులో అయితే వెనక భాగం పక్కకు జారిపోతుంది. కాలు తీస్తే ఆగుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు.

రాధిక


కోరుట్ల,
2 ఫిబ్రవరి

బిడ్డా రాధికా,

కవరు మీద రాత చూసి మీ అమ్మ సారక్క రాసిందేమో అనుకున్నాను. నువ్వు చిన్నప్పుడు నా గ్యారేజీకి వస్తే స్పానర్లన్నీ సైజు వరుసలో పేర్చి పోయేదానివి. నా సంగతి ఏముంది, గొంతుకు రంధ్రం పెట్టారు, పని చేసుకుంటున్నాను. గిరాకీలతో పలక మీద రాసి మాట్లాడతాను. ఫోన్‌లో అక్షరాలు నొక్కడానికి నా వేళ్లు లావు. నీకు కాగితమే గతి.

ఆ కారు వదిలెయ్యి బిడ్డా. హోటల్ ముందు బొమ్మలాగా పెట్టుకునేవాళ్లు ఉంటారు, అలాంటివాళ్లకు ఇచ్చెయ్యి.

ఇవ్వవని తెలుసు, మహిపాల్ మొండితనం నీకూ వచ్చి ఉంటుంది. అయితే విను. ఈ కారుకు బరువంతా వెనకే. గట్టిగా తొక్కినప్పుడు టైరు రోడ్డును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఆ పట్టూ విడుపూ గబగబా జరిగితే చక్రం బంతిలాగా ఎగరడం మొదలుపెడుతుంది. ముందుగా వెనక టైర్లలో గాలి చూడు, తక్కువ చెయ్యి. తర్వాత షాకబ్జార్బర్లు. పద్నాలుగేండ్లు పడి ఉన్నవాటిలో నూనె ఎక్కడిది? కాస్త గట్టిగా ఉండే కొత్త జత పంపుతున్నాను, వేములవాడ మీదుగా వచ్చే బస్సు కార్గోలో. ఈ ఉత్తరం ఆ డబ్బాలోనే.

దీంతో చాలావరకు పోతుంది. మిగిలింది మెల్లగా తోలుకుంటే కనబడదు.

ఇంతకూ ఈ పట్టుదల దేనికి?

పరశురాములు


సిరిసిల్ల,
23 ఫిబ్రవరి

పెద్దబాపూ,

షాకబ్జార్బర్లు వేశాం. గాలి ముప్పై నుంచి ఇరవై రెండుకు దించాం. ఎగురుడు సగం తగ్గింది. సగం నాకు చాలదు.

దేనికని అడిగావు కదా. పోయిన నవంబరులో ఇక్కడ ఒక బడికి బస్సు డ్రైవరు కావాలన్నారు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లైసెన్సు జేబులో పెట్టుకుని పోయాడు. ఇన్నేండ్లలో స్టీరింగు ముట్టకపోయినా లైసెన్సు మాత్రం ఎప్పటికప్పుడు రెన్యూవల్ చేయిస్తూనే ఉన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకాయనది జగిత్యాలట. "నువ్వు డాక్టరు కారు బోల్తా కొట్టిచ్చినోనివి గదా? తాగి?" అన్నాడట. బాపు లేచి వచ్చేశాడు. చొక్కా విప్పి, మడిచి, బీరువాలో పెట్టి, నూలుకు గంజి పట్టే మిల్లులో పనికి పోయాడు. సాయంత్రం దాకా అమ్మకు కూడా చెప్పలేదు.

ఆనాటి సంగతి నీకు తెలుసు. 2011 మే. సారు ఇంటికి చుట్టాలొచ్చారు, సారంగాపూర్ నుంచి కల్లు తెమ్మని బాపుకు సారే చెప్పాడు. తాత అప్పుడే దించిన కల్లు మట్టి లొట్టిలో పోయించుకుని, దారిలో తన పొలం దగ్గరున్న సారును ఎక్కించుకుని వస్తుంటే కాలువ మీది మోరి దగ్గరి ఎక్కుడు మలుపులో కారు బోల్తా పడింది. సారుకు తుంటి విరిగింది. లొట్టి పగిలి కల్లంతా బాపు బట్టల మీద పడింది. చుట్టూ చేరినవాళ్లకు ఆ వాసనే సాక్ష్యం. బాపు ఒకటే మాట అన్నాడు: "ఎనక చక్రాలు ఎగిరినయి. నేను తాగలే."

అప్పుడు నాకు పదిహేనేండ్లు. కల్లు గీసే గౌండ్లోళ్ల ఇంట్లో పుట్టి తాగలేదంటే ఎవరు నమ్ముతరే అని బళ్లో ఒకరంటే తల దించుకున్నాను. ఎందుకంటే పెద్దబాపూ, నేను కూడా నమ్మలేదు.

పోయిన నెల షెడ్డు ముందు మొదటిసారి ఆ కారును గట్టిగా తొక్కాను. చక్రాలు ఎగిరాయి. ఇంజిన్ ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను.

అదీ సంగతి. ఎందుకు ఎగురుతోందో తేల్చాలి, ఎగరకుండా చేయాలి, తీసుకుపోయి డాక్టరు సారు ముందు నిలబెట్టాలి.

రంజిత్ అన్న చక్రం పక్కన ఫోన్ పెట్టి వీడియో తీశాడు. నెమ్మదిగా నడిపించి చూశాం. మొదట లేచేది చక్రం కాదు. ఇంజిన్. అది లేచి పడ్డాకే చక్రం ఎగురుతోంది. దీనికేమంటావు?

రాధిక


కోరుట్ల,
9 మార్చి

బిడ్డా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

వీడియో తీయడం మంచి పని. ఇంజిన్, గేర్‌బాక్సు కలిసి చాసిస్ వెనక ఉన్న రెండు ఇనుప కొమ్ముల మధ్య కూర్చుంటాయి. నడుమ రబ్బర్లుంటాయి, ఫౌండేషన్ రబ్బర్లంటాం. అవి మెత్తబడితే తొక్కినప్పుడల్లా ఇంజిన్ ఎగిరి పడుతుంది, దాంతో చక్రాలూ ఎగురుతాయి. గట్టి రబ్బర్లు పంపుతున్నాను. అవి మార్చి, గేర్‌బాక్సు పైనుంచి ఒక ఇనుప పట్టీ బిగించు. అంతే చెయ్యి. అడుగున తారు పూత ఉంటుంది, దాన్ని గీకొద్దు. గీకితే తుప్పు పడుతుంది.

మహిపాల్ ఆరోగ్యం ఎట్లా ఉంది? నా పేరు ఎప్పుడైనా ఎత్తుతాడా?

పరశురాములు


సిరిసిల్ల,
30 మార్చి

పెద్దబాపూ,

ఎత్తడు. ఆరోగ్యం బాగానే ఉంది.

రబ్బర్లు మార్చాం. పట్టీ బిగించాం. కోనరావుపేట రోడ్డులో ఎక్కుడు దగ్గర చూశాం. కుడి చక్రం ఇప్పుడు నేలను పట్టుకుని ఉంటోంది. ఎడమది ఇంకా ఎగురుతోంది. రెండు రబ్బర్లూ కొత్తవే, ఒకే డబ్బాలోవే. మరి ఒక్క పక్కే ఎందుకు?

రంజిత్ అన్న కాసేపు చూసి ఒక మాట అన్నాడు. "మగ్గం ఉట్టిగ ఊగదు చెల్లె. దాని కాలు కింద నేల పగిలితె ఊగుతది. బోల్టులెన్ని బిగిచ్చినా నేలను బిగియ్యలేవు గదా." రబ్బరు బోల్టు లాంటిది. మరి నేల? ఆ రబ్బరు కూర్చున్న ఎడమ కొమ్మే కదా?

జాకీ పెట్టి కారు లేపి, ఇంజిన్ కింద గడ్డపార వేసి ఎత్తాను. కుడి కొమ్ము కదల్లేదు. ఎడమది వెంట్రుకంత కదిలింది. ఇనుము ఊరికే కదలదు.

కుడి వైపు తారు పలుచగా ఉంది. ఎడమ వైపు మందంగా, రెండు పూతలుగా ఉంది. గీకితే తుప్పు పడుతుందని రాశావు. తుప్పు పడితే మళ్లీ పూస్తారు, అది నీకు తెలియనిదా? గీకొద్దని ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదు. వచ్చే ఆదివారం గీకుతున్నాను.

రాధిక


కోరుట్ల,
3 ఏప్రిల్

బిడ్డా,

ఇది ఆదివారం లోపల నీకు అందాలని బస్సు డ్రైవరు చేతికే ఇచ్చాను. నువ్వు చూడకముందే నేను చెప్పాలి.

2010లో పెద్ద ఇంజిన్ ఎక్కించేటప్పుడు ఎడమ కొమ్ము మీద వేలెడంత పగులు కనబడింది. ఇంజిన్ మళ్లీ దించి, పగులు చివర్లకు రంధ్రాలు వేసి, పట్టీ వేసి అతకాలి. నాలుగు రోజుల పని. సారు శుక్రవారానికి కారు కావాలన్నాడు. నేను పగులు మీద పైపైన వెల్డింగు గీత గీసి, తారు పూసి ఇచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ పెద్ద ఇంజిన్ బలానికి అది ఆగదని నాకు తెలుసు. కొన్నాళ్లకు పిలిచి సరిచేద్దాం అనుకున్నాను. పిలవలేదు.

బోల్తా పడ్డ మరునాడు కారు చూడమని సారు నన్నే పిలిపించాడు. కింద దూరి చూశాను. నా వెల్డింగు నోరు తెరిచి ఉంది. మంచం మీదినుంచి సారు అడిగాడు, "బండిల ఏమన్న ఖరాబున్నదా పరశురాములు?" అని. మహిపాల్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నా మొహమే చూస్తున్నాడు. "ఏం లేదు సారూ, బండి మంచిగనే ఉన్నది" అన్నాను. తర్వాత రెండో పూత తారు పూశాను.

గ్యారేజీ పెట్టి అప్పటికి రెండేండ్లు. ఇది బయటపడితే ఇంకెవరూ కారు ఇవ్వరనుకున్నాను. అంతకు మించి కారణం లేదు. అప్పుడు నాకు మాట ఉండింది బిడ్డా.

పరశురాములు


సిరిసిల్ల,
8 ఏప్రిల్

పరశురాములు గారికి,

మీ ఉత్తరం సోమవారం చేరింది. ఆదివారమే గీకాను. మీ వెల్డింగు చూశాను. పగులులో నా గోరు దిగింది.

రెండు రోజులు మీకు రాయొద్దనుకున్నాను. నిన్న కంపెనీలో మిషన్ విప్పుతూ స్క్రూలన్నీ కింద పోశాను. బాపు పద్నాలుగేండ్లుగా తలొంచుకుని పోయే ప్రతి సందూ కళ్ల ముందు కనబడింది. ఆయన ఆ రోజు మీ మొహమే ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది. మీరు అన్న కాబట్టి. కారు గురించి తెలిసినవారు కాబట్టి. మీరొక్కరు చెబితే చాలు కాబట్టి.

క్షమించమని మీరు అడగలేదు. మంచిదైంది.

నాకు రెండు పనులు కావాలి. నాకు రాసింది డాక్టరు సారుకు కూడా రాసి, మీరే పోయి చేతికివ్వండి. పోస్టులో వేయొద్దు. రెండోది, ఆ కొమ్మును సరిగ్గా అతకడం ఎట్లాగో అడుగడుగునా రాయండి. తప్పు పని మీ చేతిదే అయినా మంచి పని తెలిసింది కూడా ఆ చేతికే. ఇంకెవరినో అడిగి కారు పాడుచేసుకోలేను.

సామాన్లు పంపకండి. ఇక్కడే తెచ్చుకుంటాను.

రాధిక


జగిత్యాల,
20 ఏప్రిల్

రాధికా,

డాక్టరు సారు ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. బస్సు దిగాక టవర్ చౌరస్తా దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. అయినా వచ్చాను.

సారు ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. నా కాగితం చదవడానికి చాలాసేపు పట్టింది. చదివి, "ఆ రోజు అడిగిన గదా నిన్ను?" అన్నాడు. పలక మీద రాశాను: అడిగిండ్రు. అబద్ధం చెప్పిన.

తిడతాడనుకున్నాను. వాకిట్లోకి చూస్తూ అన్నాడు: "లొట్టి తెమ్మన్నది నేనే పరశురాములు. నేను కారెక్కినప్పుడు దాని మూతికి కట్టిన బట్ట కట్టినట్టే ఉన్నది. పక్క సీట్ల కూసున్న. నలభై ఏండ్లు డాక్టరీ చేసినోన్ని, తాగిన మనిషిని పోల్చనా? మహిపాల్ తాగలే. నాకు తెలుసు. నలుగురు తాగిండన్నరు, నేను కాదనలే. పెద్ద ఇంజిన్ పెట్టిచ్చిన సోకు నాది. బండి తప్పంటే నా తప్పయితదని ఊకున్న."

పలక తుడిచి పక్కన పెట్టాను.

నా కాగితం వెనక ఆయన సొంత చేతితో ఇదంతా రాసి సంతకం పెట్టాడు. దీంతోపాటు పంపుతున్నాను. సిరిసిల్ల బడిలో జరిగింది పలక మీద రాస్తే, ఆ బడి పేరు నీతో రాయించి పంపమన్నాడు. తానే ఫోన్ చేస్తానన్నాడు.

ఇక నీ రెండో పని. ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ దించు. బ్యాటరీ వైరు తీసెయ్యి. కొమ్ము మీద తారు, రంగు పోయి తెల్ల ఇనుము కనబడేదాకా రుద్దు. పగులు రెండు చివర్లు ఎక్కడున్నాయో భూతద్దం పెట్టి వెతికి, అక్కడ చిన్న రంధ్రాలు వెయ్యి. రంధ్రం దగ్గర పగులు ఆగిపోతుంది. నేను గీసిన వెల్డింగు మొత్తం గ్రైండరుతో తీసెయ్యి, కొంచెం కూడా ఉంచకు. రెండు కొమ్ములూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో తిన్నని కడ్డీ పెట్టి చూడు, లేకపోతే జాకీతో సరిచెయ్యి. అప్పుడు అతుకు. అంగుళం అతికి ఆగు, చల్లారనివ్వు, మళ్లీ అంగుళం. తొందరపడకు. పైన కొమ్ము వంపుకు తగ్గట్టు పట్టీ వంచి వెయ్యి. పట్టీ చివర తిన్నగా కోస్తే మళ్లీ అక్కడే పగులుతుంది, చేప తోకలాగా కొయ్యి.

చివరగా, రెండు కొమ్ముల కొనలనూ కలుపుతూ ఒక అడ్డ పైపు, అక్కడి నుంచి రెండు వైపులా షాకబ్జార్బర్లు బిగించే చోటుకు ఏటవాలు పైపులు. అప్పుడు ఇంజిన్ ఎంత గుంజినా కొమ్ములు కదలవు.

ఇది 2010లో నేను చేయాల్సిన పని.

పరశురాములు


సిరిసిల్ల,
1 జూన్

పెద్దబాపుకు,

ఐదు వారాలు పట్టింది. కంపెనీ నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు, ఆదివారాలు పూర్తిగా. మొదటిసారి వేసిన పట్టీ వంపు కుదరలేదు, తీసి పారేశాను. రెండోది పైకి బాగానే కనబడింది కానీ లోపల గాలి బుడగలున్నాయి. దాన్నీ కోసేశాను. "సాలు చెల్లె, ఆగుతది" అన్నాడు రంజిత్ అన్న. ఆగుతుందనుకున్న వెల్డింగు సంగతి నాకు తెలుసు కదా. మూడోసారి కుదిరింది.

పోయిన ఆదివారం పొద్దున బాపును షెడ్డుకు తీసుకుపోయాను. కారును చూడగానే వెనుదిరిగాడు.

"బాపూ, ఎనక చక్రాలు ఎగిరినయి. నేను చూసిన" అన్నాను.

ఆగిపోయాడు. కాగితం చేతికిచ్చాను. సారు రాసింది ముందు చదివాడు, తిప్పి నువ్వు రాసింది చదివాడు. మళ్లీ సారుది చదివాడు. "గా కొమ్ము యాడున్నది?" అని అడిగాడు. గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరాడు. బయట నాకు ఆయన కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. కాళ్లతోనే మాట్లాడాను. "నేను సుత నిన్ను నమ్మలే బాపూ" అన్నాను.

"ఎరుకే బిడ్డా" అన్నాడు కిందినుంచే. "అన్నం పెడుతుంటె నా మొఖం చూడకపోతుంటివి."

పైకి వచ్చాక చేతులు కడుక్కుని, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

కోనరావుపేట రోడ్డు ఎక్కుడు మధ్యలో కారు ఆపాడు. పక్కన నేను. మొదటి గేరు వేసి ఎక్సిలేటర్ నేలకు ఆనించాడు. టైర్లు ఒక్కసారి కీచుమన్నాయి, అంతే, కారు మమ్మల్ని సీట్లకు అదిమి నేరుగా పైకి పోయింది. చిన్న కుదుపు లేదు. కిందికి తిప్పుకొచ్చి మళ్లీ చేశాడు. మూడోసారి మలుపులో చేశాడు. నేను తలుపు గట్టిగా పట్టుకున్నాను. ఆయన మాత్రం అద్దంలో వెనక్కి చూస్తున్నాడు. వెనక ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు.

బడివాళ్లు మొన్న ఇంటికి మనిషిని పంపారు. పన్నెండో తారీఖు బళ్లు తెరిచే రోజు నుంచి బస్సు బాపుది. జగిత్యాల ఆయనే వచ్చి చెప్పాడట. బాపు ఆయనను కూర్చోబెట్టి చాయ పోయించి, "నేను ఎన్నడు తాగి తోలలే. గది నీ నోటితోని ఒకసారి అను" అన్నాడట. ఆయన అన్నాడని అమ్మ చెప్పింది.

నీ గురించి బాపు ఒక్క మాట కూడా అనలేదు. అడిగితే, తర్వాత చెప్తానన్నాడు.

నా కోపం పోయిందని రాయలేను. కానీ నీ ఉత్తరం లేకపోతే ఆ కొమ్ము అతికేదాన్ని కాదు. అదీ నిజమే.

రాధిక


సిరిసిల్ల,
5 జూన్

పెద్దబాపూ, బాపు చెప్తుంటే రాస్తున్నాను. ఒక్క మాట మార్చొద్దన్నాడు, మార్చడం లేదు.

అన్నా,

నీ కాయితం సదివిన. నీకు మాఫ్ జేసిన అని రాయిపిస్తలేను. పద్నాలుగేండ్లంటె చిన్న ముచ్చట గాదు. నా బిడ్డ నన్ను నమ్మకపాయె, నీ ఒక్క మాటకు.

గని బిడ్డ చేసిన పనిల నీ చెయ్యి కనవడ్డది. కింద పండి చూసిన. గసుంటి పని జేసేటోనివి అప్పుడు గట్ల ఎందుకు జేసినవని గంట సేపు కోపానికచ్చిన. అయితే జగిత్యాల దాక పోయి సారు ముంగట కాయితం పెట్టినవు. గది సుత లెక్కలకు తీస్కున్న.

పదో తారీఖు పొద్దుగాల కారు తోల్కొని కోరుట్లకస్తున్న. గ్యారేజి ముంగట తయారుండు. ఆడికెల్లి జగిత్యాలకు పోయి సారును ఎక్కిచ్చుకుందం. సారు నా పక్కన కూసుంటడు. నువ్వు ఎనక సీట్ల, ఇంజిన్‌కు ఆనుకోని. ముగ్గురం కలిసి సారంగాపూర్ రోడ్డు పడుదం. గా మోరి కాడ నేను బండి ఎట్ల తోలుతనో మీరిద్దరు చూడాలె.

దారి పొడుగున నేను మాట్లాడేది చానా ఉన్నది. నువ్వు ఇనాలె.

మహిపాల్